మేడ మీది పొయ్యి

"సివరి మెట్టు ఎత్తుగా ఉంటాది, సూసుకోని రండి," అని మేడ మీదనుంచి భార్య అఖ్సా గొంతు వినిపించింది.

నియాజ్ చిన్న గ్యాస్ సిలిండరు భుజానికెత్తుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ తల్లి వైపు తల తిప్పలేదు. తిప్పితే ఆగాల్సి వస్తుందని అతనికి తెలుసు. ఆ సంగతి దిల్షాద్ బీకి కూడా తెలుసు.

"ఏందిరా అది?"

"సిలిండరు అమ్మీ."

"నాకు కండ్లుండాయిలే. యాడికి తీస్కపోతా ఉండావని అడిగినా."

"మేడ మీదికి."

"మేడ మీద ఎవురికి వంట? కాకులకా?"

నియాజ్ సగం మెట్ల మీద ఆగాడు. "వేరే పొయ్యి పెట్టుకోమని నువ్వే గదా అమ్మీ సెప్పినావు. మొన్న శుక్రవారం. నేను ఈడనే ఉన్నా."

దిల్షాద్ బీ అన్నమాట నిజమే. కోడలి చేతిలో రొయ్యల సంచీ కనబడేసరికి ఒళ్ళు మండి అంది: నా వంటింట్లో రొయ్య ఉడకదు, అంతగా కావాలంటే వేరే పొయ్యి పెట్టుకో. అత్తలు కోడళ్ళతో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు అంటూనే ఉంటారు. కోడలు వింటుంది, ఏడుస్తుంది, ముఖం కడుక్కుని మరుపూటకి వంటింట్లోకి వస్తుంది. దిల్షాద్ బీ కూడా తన కాలంలో అలాగే వచ్చింది. ఈ పిల్ల ఏడవలేదు. "సరే మామీ," అంది. అంతటితో ఊరుకోక, నవ్వింది కూడా.

తప్పు పట్టుకోవాలంటే సంబంధం మాట్లాడిన రోజునే పట్టుకోవాలి. ఈ ఇంటివాళ్ళు హనఫీలు. రొయ్య చేప కిందికి రాదు, తినకపోవడమే మంచిదని వీళ్ళ పెద్దలు అనుకుంటూ వచ్చారు. అఖ్సా పుట్టిల్లు పులికాట్ సరస్సు ఒడ్డున. వాళ్ళు షాఫయీలు. నీళ్ళు ఇచ్చినదేదైనా బిస్మిల్లా అని తింటారు. రెండూ పెద్దలు ఒప్పుకున్న దారులే. కానీ సంబంధం మాట్లాడేటప్పుడు ఊళ్ళ మధ్య దూరం గురించి మాట్లాడారు, పిల్ల చదువు గురించి మాట్లాడారు, పిల్లవాడి గడ్డం గురించి కూడా మాట్లాడారు. రొయ్య గురించి మాత్రం ఎవరికీ తోచలేదు.

"కోపంలో అన్న మాటరా అది," అంది దిల్షాద్ బీ మెల్లగా. అప్పటికి నియాజ్ పైమెట్టు దాటేశాడు.

ఇంటాయన సుభాన్ బాషా షాపునుంచి చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా లోపలికి వచ్చాడు. పెళ్ళిళ్ళకి వంటపాత్రలు అద్దెకిచ్చే షాపు ఆయనది.

"దిల్షాద్, షాపులో చిన్న స్టవ్వు కనబడలా. నీకేమన్నా తెలుసునా?"

ఆమె వేలెత్తి పైకప్పు చూపించింది.

"పైన ఎవురికి?"

"మీ కోడలికి. మీ కొడుకు మోసినాడు."

మిగిలిన కథంతా విన్నాక ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. "చిత్తూరంతా నా డేగ్చాల్లో వండుకుంటాది. నా ఇంట్లో ఒక సట్టికి తావు లేకపాయనా?"

"నేను పొమ్మన్లేదు."

"వేరే పొయ్యి అంటే ఇంగేందది? సూడు దిల్షాద్, ఎన్ని ఇండ్లకో గిన్నెలు తోలినోణ్ణి. రెండో పొయ్యి వెలిగినాక మళ్ళా ఒకటైన ఇల్లు నేను యాడా సూడలా. ఈ పొద్దు స్టవ్వు పోయింది. రేపు బియ్యం డబ్బా పోతాది. ఎల్లుండి మెట్ల కాడ తలుపు పెట్టిస్తారు. రెండు పూటలు జరిగినాయంటే అలవాటైపోతాది. అది ఈ పొద్దే కిందికి రావాల."

"అయితే మీరు సెప్పండి పోయి."

"మాట నీది. నేను ఎనక్కి తీస్కుంటే సెల్లుతుందా?"

మధ్యాహ్నం జొహర్ నమాజుకి వేళయిందని ఆయన టోపీ పెట్టుకుని మసీదుకు వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం కుర్చీలోనే కూర్చుని దిల్షాద్ బీని చూస్తున్నట్టుంది.

ఇంతలో గదిలోంచి కూతురు రుహీ బయటికి వచ్చింది. ఒక చేతిలో బేకరీ రొట్టె, ఇంకో చేతిలో నూనె సీసా. తిరుపతిలో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతోంది, వారాంతానికి ఇంటికి వస్తుంది.

"నువ్వు కూడా పైకేనా?"

"రేపు ప్రాక్టికల్ అమ్మీ. చీటీలు తీసినారు. నాకు స్పెయిన్ దేశం వెల్లుల్లి రొయ్యలు వచ్చింది. భోజనానికి ముందు పెట్టే చిన్న వంటకం."

"మార్చమని అడగలేకపోయినావా?"

"అడిగినా. రొయ్య ముట్టనిదానివి హోటల్లో ఏం వండుతావమ్మా అన్నాడు మోహన్ సారు. అందరి ముందర." రుహీ రొట్టె పొట్లాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "భాభీ నేర్పిస్తానంది. అందుకే వాళ్ళ నాయనతో సెప్పి బస్సులో ఐసు పెట్టించి తెప్పించింది."

"ఎప్పుడు తెప్పించింది?"

"శుక్రవారం. నువ్వు అరిసినాక వాటిని ఎవురికో ఇచ్చేసింది. ఈ పొద్దు మళ్ళా తెప్పించింది."

దిల్షాద్ బీ చేతిలోని పప్పుగరిటె అలాగే ఆగిపోయింది. "ఆ సంచీ నీ కోసమా? నాతో ఎందుకు సెప్పలా?"

"సెప్పనిచ్చినావా అమ్మీ?" అని రుహీ మెట్లెక్కింది.

వంటింట్లో పప్పు ఉడుకుతోంది. దిల్షాద్ బీ కలిపింది, ఉప్పు చూసింది, మళ్ళీ కలిపింది. పైనుంచి నవ్వులు. కొడుకు నవ్వు, కూతురి నవ్వు, వాటి మధ్య గలగలమని కోడలి నవ్వు. ఆదివారం మధ్యాహ్నం ఈ నవ్వులన్నీ తన వంటింట్లో ఉండాల్సినవి. ఒకడు గిన్నెలో వేలు పెట్టేవాడు, ఒకతి గట్టుమీద కూర్చుని కాళ్ళూపేది, తను ఇద్దర్నీ కసిరేది. ఇప్పుడు కసురుదామంటే పప్పు తప్ప ఎవరూ లేరు.

"దిల్షాద్, కరేపాకు ఉండాదా?" అంటూ ప్రహరీ మీదనుంచి కుముదవల్లి తొంగిచూసింది. బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. వైష్ణవుల ఇల్లు, వెల్లుల్లి గడప తొక్కదు. ఆమెకు కరివేపాకు అవసరం లేదని పెరట్లో ఏపుగా ఎదిగిన వాళ్ళ చెట్టే చెప్తోంది.

"మేడ మీద కొత్త పొయ్యంట గదా."

"ఎవురు సెప్పినారు?"

"సిలిండరు మెట్లెక్కతా ఉంటే వీధంతా సూసింది. ఒకరు సెప్పాల్నా?"

"రుహీకి పరీక్ష. కింద ఉక్కగా ఉండాదని పైన పెట్టినారు." సగం నిజం చెప్పేటప్పుడు దిల్షాద్ బీ గొంతు ఎప్పుడూ కొంచెం పెద్దదవుతుంది.

"అట్లనా." కుముదవల్లి కొంగు సర్దుకుంది కానీ వెళ్ళలేదు. "మా ముకుంద్ పెండ్లాం రంగప్రియ బయట ఏదో తినొస్తాది. ఏలక్కాయ నమలతా లోపలికి వస్తాది. నేను అడగను."

"ఎందుకడగరు?"

"అడిగితే ఆ పిల్ల అబద్ధం సెప్పాల. అబద్ధం కంటే ఏలక్కాయ వాసనే మేలు గదా."

మంచి ఉపాయమే. కానీ తన వల్ల కాదనుకుంది దిల్షాద్ బీ. అడగకుండా ఉండడం ఆమెకు ఒంట్లో లేదు.

కుముదవల్లి అటు తిరిగిందో లేదో, మేడ మీదనుంచి వాసన దిగింది. వెల్లుల్లి. మొదట పచ్చిగా, తర్వాత తియ్యగా. దిల్షాద్ బీ ముక్కు తనకు తెలియకుండానే పైకెత్తింది. ఆ తియ్యదనం దగ్గర మంట తగ్గించాలి. బగారా అన్నం వండేవాళ్ళెవరికైనా తెలిసిన సంగతే. తగ్గించలేదు. వాసనలోకి చేదు దిగుతోంది.

"మంట తగ్గించు," అని పైకి కేకేసింది. నవ్వులు. "రుహీ, మంట తగ్గించమే. మాడతా ఉండాది." మళ్ళీ నవ్వులే.

దిల్షాద్ బీ పప్పు దించి, పొయ్యి ఆర్పి, చెంగు నడుముకు దోపింది. మాట వెనక్కి తీసుకోవడానికి కాదు, వెల్లుల్లి కోసం పోతున్నానని తనకు తను చెప్పుకుంటూ మెట్లెక్కింది.

మేడ మీద రేకుల పందిరి కింద ఇటుకలు పేర్చి స్టవ్వు పెట్టారు. ఆరేసిన దుప్పట్ల మధ్యనుంచి గాలి వస్తోంది. స్టవ్వు మీది బాణలిలో పసుపుపచ్చని ముద్ద, అందులో గుండ్రంగా చుట్టుకుపోయిన రొయ్యలు. నియాజ్ ఒకదాన్ని రెండు చేతులతో సాగదీస్తున్నాడు.

"రబ్బరు బ్యాండు మాదిరి ఉండాది రుహీ. మీ సారుకి నోట్ల కట్టకి పనికొస్తాది." తల్లిని చూసి దాన్ని గబుక్కున బాణలిలో వేశాడు.

"పసుపు ఎవురు ఏసినారు?" అంది దిల్షాద్ బీ.

"నేనే అమ్మీ," అంది రుహీ. "సెయ్యి దానంతట అదే పోయింది."

"మూత?"

"మగ్గకుండా ఉడుకుతాదా అని పెట్టినా."

"వద్దనేలోపల పెట్టేసింది మామీ," అంది అఖ్సా. ఆమె నవ్వు ఇంకా బుగ్గల్లోనే ఉంది, కానీ కళ్ళు మాత్రం అత్తనే చూస్తున్నాయి. "పొట్టేలు మాంసం అనుకునింది. రొయ్య అట్ల కాదు. రెండు పక్కలా రంగు మారితే అయిపాయె. నెలవంక మాదిరి వంగితే దించేయాల. ఉంగరం మాదిరి సుట్టుకునిందా, ఇంగ దానికి ఎవురూ ఏమీ సేయలేరు."

దిల్షాద్ బీ రొయ్యల వైపు చూడలేదు. గరిటె చివరతో ముద్దను కదిపి వాసన చూసింది. "వెల్లుల్లి మాడింది. ముద్ద ఎందుకు నూరినావు? నూరమని ఉండాదా?"

"పల్చగా తరగమనే ఉండాది."

"మరి?"

"మన ఇంట్లో వెల్లుల్లి అంటే ముద్దే గదమ్మీ. నువ్వు ఎప్పుడన్నా తరిగినావా?"

నేర్పింది తనే. దిల్షాద్ బీ పీట లాక్కుని కూర్చుంది.

"సాకు ఇయ్యి. నేను రొయ్య ముట్టను, ముందే సెప్తా ఉండా."

"ముట్టొద్దు మామీ," అని అఖ్సా చాకు అందించింది. "వెల్లుల్లి మీది. రొయ్య నాది. రుహీ సూస్తాది."

చాకు చప్పుడు మాత్రమే. దిల్షాద్ బీ రెబ్బలు వెలుతురు కనబడేంత పల్చగా తరుగుతోంది. అవతల అఖ్సా రొయ్యల వెన్నులోని నల్లనరం తీసి, కడిగి, పాత గుడ్డతో ఒక్కోదాన్ని ఒత్తుతోంది. పని తెలిసిన చేతులు. ఆ చేతుల్ని ఇంత దగ్గరగా ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదని దిల్షాద్ బీకి అనిపించింది. తన వంటింట్లో ఆ పిల్ల ఎప్పుడూ ఏదో ఒకటి అందించేది, అంతే.

"తడి ఉంటే నూనె సిట్లుతుంది రుహీ. బాగా తుడవాల." అఖ్సా పుట్టింటినుంచి తెచ్చుకున్న మట్టి చట్టిని పొయ్యి మీద పెట్టి నూనె పోసింది.

"ఆ సీసా ఏంది?"

"ఆలివ్ నూనె అమ్మీ. జైతూన్."

"జైతూన్‌లో వంటనా? నేను మోకాళ్ళకు రాసుకునేది గదా అది."

"స్పెయిన్‌లో అంతా దీంట్లోనే వండతారు."

"ఆడ ఎవురికీ మోకాళ్ళ నొప్పులు ఉండవేమో," అన్నాడు నియాజ్.

దిల్షాద్ బీ నవ్వకుండా పెదవి బిగించింది. "కాగకముందే వెల్లుల్లి ఎయ్యి. సల్లటి నూనెలోంచే మొదలు కావాల. మంట సిన్నది. ఇంకా సిన్నది. రెండు ఎండుమిరపకాయలు తుంచెయ్యి. ఇప్పుడు సూడు, అంచులు రంగు తిరగతా ఉండాయి. వాసన సూసినావా? ఇదీ తియ్యగా ఉండే తావు. గుర్తు పెట్టుకో. దీని తర్వాత అంతా సేదే."

"ఇప్పుడు మామీ?"

"ఇప్పుడే. ఎయ్యి."

అఖ్సా రొయ్యల్ని జారవిడిచింది. చట్టి సుయ్‌మంది. బూడిదరంగు గులాబీరంగులోకి తిరిగింది. ఉప్పు, చిటికెడు ఎర్రకారం. ఒకసారి తిప్పింది. నెలవంకలు తేలాయి. నిమ్మకాయ పిండి, కొత్తిమీర చల్లి, చట్టిని దించి మెట్ల పక్క పిట్టగోడ మీద పెట్టింది. దించాక కూడా నూనె చాలాసేపు బుడబుడలాడుతూనే ఉంది. రుహీ రొట్టెముక్కల్ని మంట మీద కాల్చి పక్కన పేర్చింది.

"రుచి సూడు," అంది అఖ్సా.

రుహీ తల్లి వైపు చూసింది. నియాజ్ ఆకాశం వైపు చూశాడు.

దిల్షాద్ బీ చేతులు కడుక్కుంటోంది. "నన్ను సూస్తావేందే? రేపు ఉప్పు సూడకుండా మీ సారుకి పెడతావా? తిను. తిని, వెల్లుల్లి సేదు తగిలిందా లేదా నాకు సెప్పు."

రుహీ రొట్టెముక్కతో ఒక రొయ్యను పట్టి నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. తెరిచింది. "సేదు లేదమ్మీ." ఇంకేదో అనబోయి తల్లి ముఖం చూసి రొట్టె నమిలింది. నమలడం మాత్రం తొందరగా ఆగలేదు.

ఇదే సమయమనుకుంది దిల్షాద్ బీ. చేతులు చెంగుకు తుడుచుకుంది.

"అఖ్సా, ఆ పొద్దు సంచీ రుహీ కోసమని సెప్పుంటే నేను అరిసుండేదాన్ని కాదు. అరిసినా. తప్పే. నియాజ్, స్టవ్వు కిందికి తీస్కపో."

నియాజ్ ఎగిరి లేచాడు. ఎక్కించినప్పటికంటే హుషారుగా సిలిండరు మీద చెయ్యి వేశాడు.

"ఉండండి," అంది అఖ్సా.

అతని చెయ్యి ఆగిపోయింది. అఖ్సా గుడ్డను మడిచింది. విప్పి మళ్ళీ మడిచింది.

"రుహీ కోసమైతే అరిసుండరు మామీ. నాకు తెలుసు. నా కోసం తెచ్చుకుంటే?"

దిల్షాద్ బీ చెంగు మళ్ళీ నడుముకు దోపుకుంది.

"రుహీ పరీక్ష రేపటితో అయిపోతాది. నాకు ఎల్లుండి కూడా ఆకలవుతాది. మా ఇంట్లో రొయ్య లేని వారం ఉండదు. ఈడికొచ్చినాక కలలోకి కూడా వస్తా ఉండాయి. నేను దిగుతా మామీ. మీ ఎనకాలే దిగుతా. కానీ నా సట్టి కూడా దిగాల."

దుప్పటి ఒకటి గాలికి టపటపలాడింది. నియాజ్, రుహీ ఒకరినొకరు చూసుకున్నారు. ఇంత నిమ్మళంగా, ఇంత నేరుగా ఈ ఇంట్లో ఎవరూ దిల్షాద్ బీతో మాట్లాడింది లేదు. కోపం వస్తుందేమోనని ఆమే ఎదురుచూసింది. రాలేదు. దాని బదులు వంటింటి అరలు ఒక్కొక్కటే కళ్ళ ముందు కదిలాయి: చట్టి ఎక్కడ పెట్టాలి, దాని కడుగునీళ్ళు ఎటు పోవాలి, కిటికీ తలుపు ఏది తెరవాలి.

"వారానికి ఒక పొద్దు," అంది చివరికి. "నీ సట్టి, నీ గరిటె. నా గిన్నెలకి తగలగూడదు."

"రెండు పొద్దులు."

"నా వంటింట్లో నాతోనే బేరమా?"

"పులికాట్ దాన్ని మామీ. మొదట సెప్పిన మాటకి మేము పరిగె చేప కూడా తీస్కోము."

"ఒకటి."

"రెండు. కిటికీ తెరిసిపెడతా. మీరు నమాజుకి కూచునే లోపల కడిగేస్తా."

"ఒకటి. రంజాన్‌లో అదీ లేదు."

"రంజాన్‌లో నేనే అడగను. రెండు."

అత్తాకోడళ్ళు ఎదురెదురుగా నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. ఇద్దరి పెదవుల చివర్లూ వణుకుతున్నాయి. ఎవరు ముందు నవ్వితే వాళ్ళు ఓడినట్టు. నియాజ్, రుహీ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. మెట్ల వైపు ఎవరికీ ధ్యాస లేదు.

"ఏం సేతి గుణమో దిల్షాద్, మసీదు మలుపుకాడికే వచ్చింది వాసన."

అందరూ తిరిగారు. పిట్టగోడ దగ్గర సుభాన్ బాషా నిలబడి ఉన్నాడు. చేతిలో కొరికిన రొట్టె. తెల్లగడ్డం మీద నూనె మెరుస్తోంది. చట్టిలో కొత్తిమీర ఒక పక్కకి జరిగి ఉంది.

"మీరు..." అంది దిల్షాద్ బీ. "ఏం తింటా ఉండారు?"

"వెల్లుల్లి. వెల్లుల్లి నీ సేతిదంట గదా, నియాజ్ ఫోన్లో సెప్పినాడు, అమ్మీ పైకొచ్చి తరగతా ఉండాదని." ఆయన చాలా ఆనందంగా ఉన్నాడు. బాణలిలోని పసుపు ముద్దను గడ్డంతో చూపించాడు. "రొయ్యలు ఆడుండాయి. వాటి జోలికి నేను పోలా. సూసినా, సూస్తానే తెలుస్తా ఉండాది అవి తినేవి కాదని. ఈ సట్టిది మాత్రం శానా బాగుండాది. ఇందులో ఎర్రగా, మెత్తగా వంకర తిరిగి ఉండాయే, అవి ఏంది? ఇంగో రెండుంటే ఇయ్యి."

వండిన రొయ్యను ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆ సంగతి అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. రుహీ దుపట్టా నోట్లో కుక్కుకుంది. నియాజ్ సిలిండరు వెనక కూర్చుండిపోయాడు.

చెప్పాలి. అడగకుండా, చెప్పకుండా ఉండడం దిల్షాద్ బీ ఒంట్లో లేదు. కానీ ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు. తన చేతి వెల్లుల్లి వాసనకే గదా ఆ మనిషి మెట్లెక్కి వచ్చింది.

కోడలు మెల్లగా వచ్చి ఆమె పక్కన భుజం ఆనించి నిలబడింది.

"నేను సెప్తా మామీ," అంది గుసగుసగా. "కోపం రాకుండా, మామకి నచ్చేటట్టు నేను సెప్తా."

దిల్షాద్ బీ ప్రాణం లేచి వచ్చింది. "సెప్పు తల్లీ."

అఖ్సా కదల్లేదు.

"రెండు పొద్దులు," అంది.